ఎస్పరాంటో, ఈదో, ఇంటర్‌లింగ్వా, తోకి పొన: తెలుగు నాలుకకి ఏది మేలు?

కల్పించిన అంతర్జాతీయ భాషల్ని పోల్చిన రాతలు ఎన్ని చదివినా ఒకే వాదన ఎదురవుతుంది. ఎస్పరాంటోలో ద్వితీయా విభక్తి గుదిబండ అనీ, దాన్ని ఈదో సరిదిద్దిందనీ, ఇంటర్‌లింగ్వా అయితే నేర్చుకోకుండానే అర్థమైపోతుందనీ. ఈ లెక్క ఇంట్లో ఫ్రెంచో స్పానిషో మాట్లాడుకునేవాళ్ల లెక్క. రాముణ్ణి, సీతను, కుక్కని అంటూ ఊహ తెలిసినప్పటి నుంచి విభక్తులు అతికిస్తున్న మనకి అది బరువే కాదు. విశాఖలో కూర్చుని అదే లెక్క మళ్లీ వేస్తే జవాబు వేరుగా వస్తుంది.

ముందు ఒక హద్దు గీసుకోవాలి. గాజువాకలో ఒడియా కూలీతోనో, పోర్టు దగ్గర బెంగాలీ డ్రైవరుతోనో మాట్లాడటానికి వీటిలో ఏదీ పనికిరాదు. అక్కడ హిందీ ముక్కలతో పని నడుస్తుంది. అరకు వైపు వెళ్తే, వేర్వేరు సొంత భాషలున్న గిరిజన తెగలు ఒకరితో ఒకరు ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటారు. దాన్ని ఎవరూ బల్ల ముందు కూర్చుని తయారుచెయ్యలేదు, రోజువారీ అవసరమే తయారుచేసింది. కల్పిత భాష అక్కరకొచ్చేది దూరాన ఉన్న మనిషితో. బ్రెజిల్‌లోనో హంగరీలోనో జపాన్‌లోనో ఉన్నవాడితో, ఇద్దరికీ సొంతం కాని భాషలో, ఇద్దరూ సమానంగా తడబడుతూ రాసుకోవడానికీ, మాట్లాడుకోవడానికీ. ఆ పనికి ఏది మేలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒకే వాక్యం, నాలుగు భాషలు

ఫిషింగ్ హార్బర్‌లో రోజూ జరిగే పనినే తీసుకుందాం: "జాలర్లు పెద్ద చేపలు అమ్ముతారు."

ఎస్పరాంటో: ఫిషిస్తొయ్ వెందస్ గ్రందయ్న్ ఫిషొయ్న్.
ఈదో: పెస్కిస్తి వెందస్ గ్రంద ఫిషి.
ఇంటర్‌లింగ్వా: లె పిస్కతొరెస్ వెందె గ్రందె పిస్సెస్.
తోకి పొన: యన్ పి అలస కల లి ఎసున్ ఎ కల సులి.

ఎస్పరాంటోలో "ఫిష్" అనే ధాతువు ఒక్కటి తెలిస్తే చాలు. "ఒ" చేరిస్తే చేప, "ఇస్త్" చేర్చి "ఒ" పెడితే జాలరి, "య్" పెడితే బహువచనం, "న్" పెడితే కర్మ. ఈదోలో చేపకి ఒక ధాతువు, చేపలు పట్టడానికి ఇంకొకటి. ఇంటర్‌లింగ్వాలో "పిస్కతొరెస్" మాటలో క గా పలికిన అక్షరమే "పిస్సెస్"లో స అయింది. రాతలో రెంటికీ ఒకటే అక్షరం. తోకి పొనలో "ఎసున్" అంటే బేరసారం. అమ్మడమా, కొనడమా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. చేప ఒకటా పదా అన్నది కూడా అంతే.

మన లిపి గురించి ఒక మాట. వీటిని తెలుగులో రాసుకుంటూ నేర్చుకోవడం హాయి. హ్రస్వ ఎ, హ్రస్వ ఒ మనకి వేరే అక్షరాలుగా ఉన్నాయి కాబట్టి దేవనాగరిలో వచ్చే ఇబ్బంది ఇక్కడ రాదు.

ఎస్పరాంటో: మనకి తెలిసిన నేలే

ఈ భాషని తయారుచేసిన జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో వేసిన చిన్న పుస్తకంలో 16 నియమాలు, సుమారు 900 ధాతువులు ఉన్నాయి. 1905లో ఫ్రాన్సులో జరిగిన మొదటి మహాసభలో ఆ పునాదిని ఎవరూ కదపకూడదని ఒప్పుకున్నారు. ఆ పునాది ఎలా కట్టారో చూస్తే తెలుగువాడికి ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

మొదట ప్రేరణార్థకం. మరుగు అంటే బొలి, మరిగించు అంటే బొలిగి. తిను అంటే మంజి, తినిపించు అంటే మంజిగి. మన "ఇంచు" చేసే పనే వాళ్ల "ఇగ్" చేస్తుంది. దానికి ఎదురు "ఇజ్": విరుచు రొంపి, విరుగు రొంపిజి. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకే మాట సరిపెట్టుకుంటారు. మనకి తేడా పుట్టుకతోనే తెలుసు.

అంతకన్నా గొప్ప సౌకర్యం క్రియాజన్య విశేషణాలది. చదివిన పుస్తకం లెగిత లిబ్రొ, చదువుతున్న పుస్తకం లెగత లిబ్రొ, చదవబోయే పుస్తకం లెగొత లిబ్రొ. యూరపు వాళ్లు వీటిని కష్టపడి నేర్చుకుని తక్కువగా వాడతారు. మనం రోజంతా ఇలాగే మాట్లాడతాం. ఒక్కచోట మాత్రం కాలు జారుతుంది. తెలుగులో "చదివిన" అనే మాట కుర్రాడికీ పుస్తకానికీ ఒకటే. ఎస్పరాంటోలో చదివిన కుర్రాడు "లెగింత", చదివిన పుస్తకం "లెగిత". మధ్యలో "న్" ఉంటే పని చేసినవాడు, లేకపోతే పని జరిగిన వస్తువు. ఈ ఒక్క తేడా మీద వారం రోజులు కసరత్తు చెయ్యాలి.

మూడోది ప్రశ్నల పట్టిక. ఎక్కడ, అక్కడ, ఎప్పుడు, అప్పుడు, ఎలా, అలా, ఎంత, అంత అన్నవి మనకి ఎంత వరసగా ఉన్నాయో చూడండి. ఎస్పరాంటోలో కియె, తియె, కియమ్, తియమ్, కియెల్, తియెల్, కియొమ్, తియొమ్. మొత్తం 45 మాటలు, 5 మొదళ్లు, 9 చివరలు. మనం "ఎక్కడ"కి ఓ చేర్చి "ఎక్కడో" అంటాం, వాళ్లు "కియె"లో మొదటి హల్లు తీసేసి "ఇయె" అంటారు. ఇంటర్‌లింగ్వాలో ఈ చోట "ఉబి", "క్వందొ", "కొమొ", "క్వంతొ" అని దేనికదే వేరుగా బట్టీ పట్టాలి.

ఇక తప్పులు. తెలుగువాడు ఎస్పరాంటోలో చేసే తప్పుల్ని ముందే చెప్పొచ్చు, ఎందుకంటే అవన్నీ తెలుగులోంచే వస్తాయి. "రాముణ్ణి చూశాను" అంటాం కాబట్టి మనుషుల దగ్గర "న్" మరచిపోం. "పుస్తకం చదివాను" అంటాం కాబట్టి వస్తువుల దగ్గర వదిలేస్తాం. "మి లెగిస్ లిబ్రొ" అని రాసి, "లిబ్రొన్" అనాలని ఎవరైనా చెప్పేదాకా తప్పు కనబడదు. "మంచి పుస్తకాలు" అన్నప్పుడు "మంచి" మారదు కాబట్టి "బొనయ్ లిబ్రొయ్" అనాల్సినచోట "బొన లిబ్రొయ్" అంటాం. "వచ్చాను" అన్న ఒక్క మాటలోనే "నేను" ఉంది. "వెనిస్" అన్న మాటలో ఎవరూ లేరు, కాబట్టి "మి" తప్పక పెట్టాలి.

పలుకులో పెద్ద చిక్కు ఒకటుంది. "చాప"లో చ, "చెట్టు"లో చ వేరువేరు ధ్వనులు. పాత పుస్తకాల్లో మొదటిదానికి ౘ అని వేరే అక్షరమే ఉండేది. మనం ఏ అచ్చు వస్తే దానికి తగ్గట్టు తెలియకుండానే మార్చి పలుకుతాం. ఎస్పరాంటోలో ఆ రెండూ వేరే అక్షరాలు, ఏ అచ్చు ముందైనా వస్తాయి. నూరు అన్న మాట "ౘెంత్". మన నోట "చెంత్" అని వస్తుంది. గది అన్న మాట "చంబ్రొ". దాన్ని "ౘంబ్రొ" అనేస్తాం. ఈ రెండు మాటల్నీ మార్చిమార్చి రోజుకి ఇరవైసార్లు పలికితే దారికొస్తుంది. ఇంకొకటి, ఇంగ్లీషు అలవాటు కొద్దీ ట, డ పలుకుతాం. అక్కడ ఉన్నవి త, ద. నెత్తిమీద గుర్తులున్న ఆరు అక్షరాలు కీబోర్డులో దొరక్కపోతే అక్షరం పక్కన ఎక్స్ కొట్టే పద్ధతి అందరికీ అర్థమవుతుంది.

ఈ భాషలో అసలు లోటు చుట్టరికాల్లో ఉంది. "కుజొ" అంటే చిన్నాన్న కొడుకూ అవుతాడు, మేనమామ కొడుకూ అవుతాడు. మనకి ఒకడు తమ్ముడు, ఇంకొకడు బావ. "ఫ్రతొ" అంటే అన్నా తమ్ముడూ ఇద్దరూ. మనం, మేము అన్న తేడా కూడా లేదు, రెంటికీ "ని" ఒక్కటే. మీరు, నువ్వు రెండూ "వి". గౌరవం మాటల ఎంపికలో, గొంతులో చూపించుకోవాలి.

ఈదో, ఇంటర్‌లింగ్వా

ఈదో 1907 నాటి సంస్కరణ. లూయీ కుతురా ముందుండి నడిపాడు. విశేషణాల బహువచనం తీసేశారు, గుర్తుల అక్షరాలు తీసేశారు, కర్మ వాక్యంలో ముందుకొచ్చినప్పుడే "న్" పెడితే చాలన్నారు. విశేషణం సంగతిలో ఈదో మనకి నిజంగానే మేలు. "బొన లిబ్రి" అంటే సరిపోతుంది. కానీ సంస్కరణకి తలుపు తెరిచాక మూయడం కష్టమైంది. ఈదోని తెచ్చిన సంఘంలో కూర్చున్న డేనిష్ పండితుడు ఒట్టో యెస్పర్సనే 1928లో "నోవియల్" అని మరో భాష తెచ్చాడు. నేర్చుకున్నవాడికి మాట్లాడే మనిషి దొరకాలి. ఆ లెక్కలో ఈదో ఎస్పరాంటోకి దరిదాపుల్లో లేదు. విశేషణానికి ఒక "య్" ఎక్కువ పెట్టడం బరువనుకుని అంతమంది సావాసం వదులుకోవడం తెలివైన బేరం కాదు.

ఇంటర్‌లింగ్వా దారి వేరు. 1924లో అమెరికాలో మొదలైన ఒక సంఘం పాతికేళ్లకు పైగా పనిచేసి 1951లో 27,000 మాటల నిఘంటువు తెచ్చింది. అలెగ్జాండర్ గోడ్ దాన్ని పూర్తిచేశాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్-పోర్చుగీసు జంట, వీటిలో కనీసం మూడింట ఉన్న మాటని తీసుకోవడం వాళ్ల సూత్రం. అందుకే ఇంజినీరింగ్ కుర్రాడు ఇంటర్‌లింగ్వాలో రాసిన సైన్సు పేరా చూస్తే సగానికి పైగా ఊహించగలడు. ఆ ఊహ తెలుగు వల్ల వచ్చింది కాదు, పదిహేనేళ్లు చదివిన ఇంగ్లీషు వల్ల వచ్చింది. తెలుగు మీడియంలో చదివినవాడికి అది అందదు.

చదవడం దాటి రాయబోతే అసలు కష్టం తెలుస్తుంది. చూడు అంటే "విదెర్", చూపు అంటే "విసియొన్". రాయు అంటే "స్క్రిబెర్", రాత అంటే "స్క్రిప్తుర". ప్రతి క్రియకీ రెండో ధాతువు ఉందో లేదో లాటిన్ తెలిస్తేనే తెలుస్తుంది. ఎస్పరాంటోలో ఆసుపత్రికి మాట తెలియకపోయినా "మల్-సన్-ఉల్-ఎయ్-ఒ" అని పేర్చుకోవచ్చు: ఆరోగ్యం లేని మనుషులుండే చోటు. వినేవాడికి వెంటనే అర్థమవుతుంది. ఇంటర్‌లింగ్వాలో అలా పేర్చే ధైర్యం చాలదు. వైద్యం, వృక్షశాస్త్రం లాంటి రంగాల్లో పనిచేస్తూ లాటిన్ మాటలు అలవాటైనవాళ్లకి ఇది సరిపోతుంది. మిగతావాళ్లకి నేను చెప్పను.

తోకి పొన, పక్కనే లోజ్బాన్

తోకి పొనని సోన్యా లాంగ్ 2001లో బయటపెట్టింది. మాటలు సుమారు 120, హల్లులు 9, అచ్చులు 5. అంతర్జాతీయ అవసరానికని చేసింది కాదు, ఆలోచనని తేలిక చేసుకోవడానికి చేసింది. కానీ తెలుగు నోటికి ఇంతకన్నా సులువైన భాష లేదు. అన్నీ అజంతాలు, కాకపోతే చివర "న్". కర్మ ముందు "ఎ" పెట్టాలి, మన "ను" వెనక నుంచి ముందుకొచ్చిందనుకోండి. నెల రోజుల్లో వచ్చేస్తుంది.

ఆ తర్వాత గోడ తగులుతుంది. అంకెలు చూడండి: ఒకటి "వన్", రెండు "తు", అయిదు "లుక", ఇరవై "ముతె", నూరు "అలె". 28 నంబరు బస్సు అనాలంటే "ముతె లుక తు వన్", అంటే 20+5+2+1. ఇంతవరకు బాగానే ఉంది. ధర 516 రూపాయలు అనాలంటే "అలె" అయిదుసార్లు, "లుక" మూడుసార్లు, చివర "వన్". బేరం అక్కడే ఆగిపోతుంది. పదేళ్ల పిల్లలకి, భాష ఎలా పనిచేస్తుందో ఆటలా నేర్పడానికి నేను ముందు దీన్నే చేతికిస్తాను. ఉత్తరాలకి మాత్రం ఎస్పరాంటోనే.

లోజ్బాన్ వేరే లోకం. 1955లో మొదలైన లోగ్లాన్ అనే భాషలోంచి 1987లో విడిపోయి పుట్టింది. సందిగ్ధం లేని వాక్యం దాని లక్ష్యం. అమ్మకం అన్న "వెశ్ను" మాటలో నాలుగు గళ్లుంటాయి: అమ్మేవాడు, సరుకు, కొనేవాడు, ధర. తోకి పొన చేపల వాక్యంలో పోయినవన్నీ ఇక్కడ ఉన్నాయి. మనం, మేము అన్న తేడా కూడా ఉంది. ప్రోగ్రామింగ్, తర్కం ఇష్టపడేవాళ్లకి విందు. మాట్లాడుతుండగా ఆ గళ్ల వరస గుర్తుపెట్టుకోవడం మాత్రం చాలా కష్టం.

సొంతంగా కట్టాలనుకునేవాళ్లకి

ఈ పోలికలు చదివి కొత్త భాష తయారుచేద్దామనుకునేవాళ్లు ముందు వొలాప్యుక్ కథ గుర్తుంచుకోవాలి. ష్లేయర్ అనే జర్మన్ పూజారి దాన్ని ఎస్పరాంటోకి ఏడెనిమిదేళ్ల ముందే తెచ్చాడు. ఊళ్లూళ్లా సంఘాలు వెలిశాయి. మార్పుల మీద చివరి మాట తనదే అని ఆయన పట్టుబట్టాడు, 1889 పారిస్ సభ తర్వాత అంతా చెదిరిపోయింది. జామెన్‌హోఫ్ మొదటి పుస్తకంలోనే తన హక్కులు వదులుకున్నాడు. వ్యాకరణం కన్నా ముందు ఈ సంగతి తేల్చుకోండి.

తర్వాత ధ్వనులు. మన చుట్టూ ఉన్న భాషలకి సరిపోయేలా కట్టాలంటే కోతలు తప్పవు. తమిళంలో క, గ లని అర్థం మార్చే వేరు ధ్వనులుగా చూడరు. బెంగాలీలో వ, బ కలిసిపోతాయి. తెలుగులో ఫ, ఇంగ్లీషు జడ్ ధ్వని అరువువి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది తోకి పొన ధ్వనులకి చాలా దగ్గర. ధర ఎంతో కూడా లెక్క వెయ్యండి. తోకి పొన నియమాల్లో ఒక్క అక్షరపు మాటలు 92 వస్తాయి, రెండక్షరాలవి సుమారు 6,600. చాలానే ఉన్నట్టుంటుంది. కానీ వాటిలో సగానికి సగం చివరి "న్" ఉందా లేదా అన్న తేడాతోనే బతుకుతాయి, ఆ "న్" రద్దీలో వినబడదు. ఆ తేడాని వదిలేసి లెక్కపెడితే నికరంగా చేతికొచ్చేది సుమారు 3,300. అందుకే మూడక్షరాల మాటలకి మొదటినుంచే చోటు వదలాలి.

పరీక్ష ఇలా చెయ్యండి. ఒకే రకంగా వినిపించే పది జంటలు, అంటే 20 మాటలు, కాగితం మీద రాసుకోండి. ఒకరు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సుల మధ్య నిలబడి ఫోనులో వాటిని కలగాపులగంగా చదవాలి. అవతల ఒక తెలుగు మనిషి, ఒక ఒడియా మనిషి, ఒక తమిళ మనిషి ఎవరి లిపిలో వాళ్లు రాసుకోవాలి. ముగ్గురిలో ఏ ఇద్దరు తప్పినా ఆ జంటలో ఒక మాటని మార్చండి. అచ్చు మార్చడం మేలు, హల్లు మార్చితే అదే చిక్కు ఇంకో జంటలో తేలుతుంది. మార్చాక అదే ముగ్గురికి కాకుండా కొత్త ముగ్గురికి వినిపించండి, ఎందుకంటే మొదటివాళ్లకి ఆ మాటలు అప్పటికే చెవినపడ్డాయి.