మోనే థేమ్స్ చిత్రానికి కాన్వాస్ ముద్రణ

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే 1871 ప్రాంతంలో, ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధం వల్ల లండన్‌లో తలదాచుకున్న రోజుల్లో, వెస్ట్‌మిన్‌స్టర్ దిగువన థేమ్స్ నదిని చిత్రించాడు. అసలు చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఇక్కడ పరిశీలిస్తున్నది దాని కాన్వాస్ ముద్రణను.

ఈ చిత్రానికి ప్రాణం పొగమంచే. పార్లమెంటు భవనాలూ గడియారపు గోపురమూ లేత బూడిద ఛాయల్లో దాదాపు కరిగిపోతుండగా, ముందున్న చెక్క రేవూ దానిపై పనిచేస్తున్న కూలీలూ ముదురు రంగులో తేటగా నిలబడతారు. ఈ అంతరాన్ని ముద్రణ చక్కగా పట్టుకుంది. చౌక ప్రతుల్లో తరచు కనిపించే నీలిరంగు అతి ఇందులో లేదు, ఆకాశంలోని లేత పసుపు కూడా చెక్కుచెదరలేదు.

నీటి విషయంలోనే నిరాశ కలిగింది. కుంచె అడ్డంగా వేసిన పొట్టి గీతలే అక్కడ అలలు; ఆ గీతల మందం ముద్రణలో చదునైపోయింది. ఆ లోటు పూడ్చడానికి పైన గరుకు వార్నిష్ పూశారు గానీ, అది ఆకాశానికీ నీటికీ ఒకే తీరున ఉండి, మోనే కుంచె కదలికతో ఏమాత్రం పొసగదు. నా దృష్టిలో ఇది అనవసరపు వేషం.

అసలు చిత్రం సుమారు 47 × 73 సెంటీమీటర్లే కాబట్టి, దానికి దగ్గరి కొలతనే ఎంచుకోవడం మేలు. పెద్ద కొలతలో గీతలు అలుక్కుపోతాయి. బొమ్మను చట్రం పక్కలకు మడిచే రకంలో రేవు అంచు కొంత మరుగున పడుతుంది గనుక, తెల్లని అంచు ఉన్నదాన్నే కోరాలి.