అప్‌గ్రేడ్ అయ్యాక మూడు ఎక్స్‌పాన్షన్ కార్డులు పోయాయనుకున్నా: మూడున్నరేళ్లు వాడాక నా రివ్యూ

పక్కల్లో చిన్న చిన్న కార్డులు దూర్చుకుని మనకి కావాల్సిన పోర్టులు పెట్టుకునే మాడ్యులర్ ల్యాప్‌టాప్ నాది, కొని మూడున్నరేళ్లు దాటింది, లినక్స్ మాత్రమే వాడతాను. నాలుగు స్లాట్లు. ఒకదాంట్లో మామూలు యూఎస్‌బీ-సీ, ఒకదాంట్లో హెచ్‌డీఎంఐ, ఒకదాంట్లో ఈథర్‌నెట్, ఒకదాంట్లో 250 జీబీ స్టోరేజ్ కార్డు. ఈమధ్య కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే లినక్స్ అసలు భాగం) 5.15 ఉన్న లినక్స్ వెర్షన్ నుంచి 6.8 ఉన్న వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేశాను, తెల్లారేసరికి మానిటర్ రావట్లేదు, స్టోరేజ్ కార్డు పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో మాయమైపోతోంది, ఈథర్‌నెట్ పనిచేస్తోంది గానీ బ్యాకప్ నత్తనడక. యూఎస్‌బీ-సీ కార్డు మాత్రం ఎప్పట్లాగే ఉంది.

ఆ నాలుగోది బాగుండటమే అసలు క్లూ, నాకది రెండ్రోజులు తట్టలేదు. బయటికి అన్నీ ఒకేలా కనిపించినా ఈ కార్డులన్నీ లోపల యూఎస్‌బీ-సీ ప్లగ్గులే. యూఎస్‌బీ-సీ కార్డులో ఏమీ ఉండదు, లోపలి పోర్టుని బయటికి తెస్తుందంతే. హెచ్‌డీఎంఐ కార్డులో డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ని హెచ్‌డీఎంఐగా మార్చే చిప్ ఉంటుంది, ఈథర్‌నెట్‌లో నెట్‌వర్క్ చిప్, స్టోరేజ్‌లో ఫ్లాష్ మెమరీతో పాటు దాని కంట్రోలర్. అంటే ఒక్కోటి చెడిపోవడానికి ఒక్కో దారి. నేనేమో మూడూ ఒకే రాత్రి పోయాయి కాబట్టి కారణం కూడా ఒక్కటే అని గట్టిగా నమ్మి, ఆ ఒక్కదాని కోసమే వెతుకుతూ కూర్చున్నా.

ముందు హెచ్‌డీఎంఐ. బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుని ఎక్కిస్తే మానిటర్ వెంటనే వచ్చేసింది! కొత్త కెర్నల్‌తో మళ్లీ నలుపే. అప్పటికే కొత్త కార్డు ఆర్డర్ పెట్టేసి ఉన్నా, వెంటనే క్యాన్సిల్ చేశా. కార్డు బానే ఉంది, కొత్త కెర్నల్‌కీ ఈ మెషీన్‌కీ మధ్య ఏదో కుదరట్లేదు. చూస్తే బయోస్ (ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే, బోర్డులోని ఫర్మ్‌వేర్) కొన్నప్పటిదే, ఒక్కసారి కూడా మార్చలేదు. లినక్స్‌లో ఫర్మ్‌వేర్ మార్చే ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే టూల్‌తో దాన్ని అప్‌డేట్ చేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశాక కొత్త కెర్నల్‌లో కూడా మానిటర్ వచ్చింది. అప్‌గ్రేడ్ చేసేవాళ్లు ముందు బయోస్ చూసుకోండి, తర్వాత కెర్నల్ జోలికి వెళ్లండి.

స్టోరేజ్ కార్డు మాత్రం నన్ను నిజంగా ఏడిపించింది. దీన్ని కూడా పాత కెర్నల్‌తో చూశా, అక్కడా పడిపోయింది. ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూశా, అక్కడా అంతే. ఇంకేముంది కార్డు చచ్చిందని తేల్చేసుకుని అందులో మిగిలిన ఫోటోలు కొంచెం కొంచెంగా బయటికి లాక్కుంటున్నా, అప్పుడు మా తమ్ముడు తన ల్యాప్‌టాప్‌లో పెట్టి చూద్దాం అన్నాడు (స్లాట్ లేకపోయినా ఫర్వాలేదు, యూఎస్‌బీ-సీ పోర్టుకి గుచ్చితే చాలు). వాడిది వేరే ఆపరేటింగ్ సిస్టమ్. 40 జీబీ ఆగకుండా ఎక్కింది. మళ్లీ నా దాంట్లో కాపీ పెట్టి కెర్నల్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ లాగ్ తెరిచి చూస్తే కార్డు పడిపోయే ముందు ప్రతిసారీ యూఏఎస్ (యూఎస్‌బీ స్టోరేజ్‌తో వేగంగా మాట్లాడే కొత్త పద్ధతి) అబార్ట్, తర్వాత రీసెట్, అదే వరస.

యూఏఎస్ అనే పదం చూడగానే గుర్తొచ్చింది, కొన్న కొత్తలో ఇదే ప్రాబ్లమ్ వస్తే ఈ కార్డుకి యూఏఎస్ వాడకుండా పాత యూఎస్‌బీ స్టోరేజ్ పద్ధతే వాడమని గ్రబ్ (కెర్నల్‌ని ఎక్కించే బూట్ ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్లో కెర్నల్ పారామీటర్, అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే సెట్టింగ్, ఒకటి రాసి పెట్టుకున్నా. అప్‌గ్రేడ్ మధ్యలో ఈ ఫైల్ మీరు మార్చారు, మీది ఉంచాలా ప్యాకేజ్‌తో వచ్చింది పెట్టాలా అని అడుగుతుంది కదా, అర్ధరాత్రి నిద్రమత్తులో కొత్తదే పెట్టు అన్నా. ఆ లైను పోయింది. గ్రబ్ ఫైల్ అన్ని కెర్నళ్లకీ ఒకటే కాబట్టి పాత కెర్నల్‌కీ అది లేదు, లైవ్ పెన్‌డ్రైవ్‌లో మొదట్నుంచీ లేదు. అందుకే అన్నిచోట్లా ఒకేలా పడిపోయింది. లైను మళ్లీ రాసి, గ్రబ్ అప్‌డేట్ చేసి, రీబూట్ చేశా. స్పీడ్ కొంచెం తగ్గుతుంది, డేటా భద్రంగా ఉంటే నాకది చాలు.

పాత కెర్నల్ టెస్ట్ మంచిదే గానీ అది కెర్నల్ సంగతి ఒక్కటే చెప్తుంది, సెట్టింగుల సంగతి చెప్పదు.

ఇక ఈథర్‌నెట్. ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్‌కి మైనస్ టీ పెట్టి కొడితే ఏ కార్డు ఏ స్పీడ్‌లో ఎక్కిందో చూపిస్తుంది. నాది 5000ఎం (సెకనుకి 5000 మెగాబిట్లు) ఉండాల్సింది 480ఎం అని ఉంది, అంటే యూఎస్‌బీ 2 కింద ఎక్కింది. కార్డు తీసి పక్క స్లాట్‌లో పెడితే 5000ఎం. పాత స్లాట్‌లో స్టోరేజ్ కార్డు పెడితే అదీ 480ఎం. తప్పు కార్డుది కాదు, స్లాట్‌ది. ఆఫ్ చేసి టార్చ్ వేసి చూస్తే కనెక్టర్ మూలన బ్యాగులోంచి వచ్చిన నూలు పోగులు, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీశా, స్పీడ్ వచ్చేసింది. దీనికి అప్‌గ్రేడ్‌తో ఏ సంబంధం లేదు, ఎన్నాళ్ల నుంచి అలా ఉందో కూడా నాకు తెలీదు, ఆ రోజు అన్నీ అనుమానంగా చూశాను కాబట్టి దొరికింది.

ఇన్నేళ్లలో ఒక్క కార్డు కూడా నిజంగా చెడిపోలేదు. హెచ్‌డీఎంఐ కార్డు పెట్టి ఉంచితే స్లీప్‌లో బ్యాటరీ ఎక్కువ తింటుంది, అది మాత్రం నాకు నచ్చలేదు, రాత్రి పీకేసి పెడతా. స్టోరేజ్ కార్డు పెద్ద కాపీల్లో బాగా వేడెక్కుతుంది, సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసుకోవడానికి నేనైతే వాడను. అయినా ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే కార్డు తీసి ఇంకో స్లాట్‌లోకో ఇంకో మెషీన్‌లోకో మార్చి చూసే వీలు ఉండబట్టే ఈ మూడూ తేలాయి, బోర్డుకి అతికించిన పోర్టులైతే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి రావాల్సిందే. ఇప్పుడు గ్రబ్ ఫైల్ కాపీ ఒకటి తమ్ముడి దగ్గర కూడా పెట్టా.