టస్కర్ హౌస్, బోమా, సనా: డిస్నీలో మూడు ‘ఆఫ్రికా’ భోజనాలు, మనవాళ్లకి ఏది?

ఒర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి వెళ్దామనుకోగానే ముందు టికెట్లు చూస్తాం, తర్వాత హోటల్. భోజనం సంగతి చివర్లో గుర్తొస్తుంది. అప్పటికి యాప్ తెరిస్తే ఆఫ్రికా పేరుతో మూడు రెస్టారెంట్లు కనిపిస్తాయి: టస్కర్ హౌస్, బోమా, సనా. ఫొటోల్లో మూడూ ఒకే తానులో ముక్కల్లా ఉంటాయి. మట్టిరంగు గోడలు, చెక్క బొమ్మలు, బుట్టలు, అక్కడక్కడా జీబ్రా చారలు. దాంతో ఏది ఖాళీగా ఉంటే అది బుక్ చేసేస్తారు. పొరపాటు జరిగేది అక్కడే. టస్కర్ హౌస్‌లో మీరు డబ్బు కట్టేది డొనాల్డ్ డక్‌కి, బోమాలో వంటలకి, సనాలో కిటికీకి. ఈ తేడా తెలియకుండా వెళ్తే జిరాఫీ కోసం వెళ్లినవాళ్లు గోడ చూసి వస్తారు, మిక్కీ కోసం ఏడ్చే పిల్లని పప్పన్నం ముందు కూర్చోబెడతారు.

ముందు ఏది ఎక్కడుందో చూద్దాం. టస్కర్ హౌస్ ఉన్నది యానిమల్ కింగ్‌డమ్ పార్కు లోపల, హరాంబే అనే కట్టుడు ఊళ్లో. అంటే ఆ రోజుకి పార్కు టికెట్ ఉంటేనే అక్కడ భోజనం. మనిషికి వంద డాలర్లు దాటిన టికెట్ కొని కేవలం తినడానికి లోపలికి వెళ్లడంలో అర్థం లేదు. బోమా, సనా పార్కు బయట యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే రిసార్టులో ఉంటాయి. వాటికి టికెట్ అక్కర్లేదు, ఆ హోటల్లో దిగి ఉండక్కర్లేదు, రిజర్వేషన్ ఉంటే చాలు. ఆ లాడ్జ్‌లో మళ్లీ రెండు భవనాలు. 2001లో తెరిచింది జాంబో హౌస్, బోమా అందులో ఉంది. 2009లో వచ్చింది కిదాని విలేజ్, సనా అందులో. పేరు ఒకటే కదా అని సనాకి వెళ్లాల్సినవాళ్లు జాంబో దగ్గర దిగిపోవడం మామూలే. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడక దారి ఉంది, పది నిమిషాలు. పెద్దవాళ్లతో, స్ట్రోలర్‌తో అయితే ఇంకాస్త. ఊబర్ పెట్టేటప్పుడు ‘కిదాని విలేజ్’ అని విడిగా కొట్టండి. రెండు చోట్లా రెస్టారెంటు లాబీకి కింది అంతస్తులో ఉంటుంది. మెట్లున్నాయి, లిఫ్టూ ఉంది.

టస్కర్ హౌస్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సఫారీ దుస్తుల్లో మిక్కీ, డొనాల్డ్, డైసీ, గూఫీ టేబుళ్ల మధ్య తిరుగుతారు, పిల్లలతో ఫొటోలు దిగుతారు. తిండి బఫే. వేయించిన మాంసాలు, కూరలు, హమ్మస్ (ఉడికించిన సెనగల ముద్ద) లాంటివి, పిల్లల కోసం మాక్ అండ్ చీజ్. జంగిల్ జ్యూస్ అని జామ, నారింజ, ప్యాషన్ ఫ్రూట్ కలిపిన రసం ఇస్తారు, పిల్లలకే కాదు పెద్దలకీ నచ్చుతుంది. నలుగురు పాత్రధారులూ మీ టేబుల్‌కి రావడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఆ గంటలో అందరూ ఒకేసారి ప్లేట్లు పట్టుకుని లేవకండి. గూఫీ వచ్చేసరికి టేబుల్ ఖాళీగా ఉంటే పక్క టేబుల్‌కి వెళ్లిపోతాడు. ఒకవేళ తప్పిపోతే సర్వర్‌కి చెప్పండి, మళ్లీ పంపిస్తారు. పదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకి ఇది దండగ కాదు, ఎందుకంటే అదే నలుగురి కోసం పార్కులో విడివిడిగా లైన్లు కట్టే బాధ తప్పుతుంది. పిల్లలు లేకపోతే మాత్రం వెళ్లకండి.

మీరు ఏ పూట వెళ్తారన్నదీ ముఖ్యమే. పార్కు తెరిచిన మొదటి గంటే రైడ్లకి బంగారం లాంటి సమయం. దాన్ని ఉప్మాలాంటి ఓట్‌మీల్ తింటూ పోగొట్టుకోవద్దు. ముందు పండోరా (‘అవతార్’ సినిమా లోకంలా కట్టిన చోటు) రైడో, బండిలో జంతువుల మధ్య తిప్పే కిలిమంజారో సఫారీయో చూసుకుని, ఎండ ముదిరాక మధ్యాహ్నం భోజనానికి లోపలికి రండి. ఆ వేళ చల్లటి గదే సగం సుఖం.

బోమా అంటే స్వాహిలీలో ఆవరణ, కంచె వేసిన చోటు. తాటాకు పందిళ్లలా కట్టిన పైకప్పు కింద, తెరిచి ఉన్న వంటగది ముందు బఫే కౌంటర్లు వరసగా ఉంటాయి. పొద్దున టిఫిను, రాత్రి భోజనం మాత్రమే, మధ్యాహ్నం ఉండదు. పాత్రధారులు లేరు, కిటికీలోంచి జంతువులూ కనపడవు. ఇక్కడికి రావాల్సింది తినడానికే. మూడింటిలో ఆఫ్రికా రుచులకి కొంచెమైనా దగ్గరగా వెళ్లేది ఇదే. దక్షిణాఫ్రికా వాళ్ల బోబోటీ (ఖీమా మీద గుడ్డు, పాలు పోసి ఓవెన్‌లో పెట్టేది), మొక్కజొన్న పిండితో సంకటిలా చేసే పాప్, టమాటా, బీన్స్‌తో కారంగా ఉండే చకలకా, దుంపలు మెదిపిన ఫుఫు, రకరకాల సూపులు. మెనూ మారుతూ ఉంటుంది గాని తీరు ఇదే. రాగి సంకటి తిని పెరిగిన రాయలసీమ వాళ్లు పాప్ మీద చకలకా వేసుకుంటే చెయ్యి ఆగదు.

శాకాహారులు మాత్రం బోమాలో కళ్లు తెరుచుకుని తినాలి. ‘వెజిటబుల్’ అన్న మాట చూసి సూపు పోసుకోకండి, అడుగున చికెన్ స్టాక్ ఉండొచ్చు. బీఫ్ కోసే కౌంటరు మధ్యలో ఉంటుంది, అది చూస్తేనే ముద్ద దిగని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే టేబుల్ దూరంగా అడగండి. పక్క పక్క గిన్నెల్లో గరిటెలు మారిపోవడం బఫేలో ఎవరూ ఆపలేని పని. దానికి మార్గం ఉంది: బుక్ చేసేటప్పుడే ఆహార నియమాలు రాయండి, లోపలికి వెళ్లగానే చెఫ్‌ని పిలవమనండి. చెఫ్ వచ్చి మీతో పాటు బఫే అంతా తిరిగి ఇది తినొచ్చు, ఇది వద్దు అని చూపిస్తారు. డిస్నీ మెనూల్లో ఆకు గుర్తు ఉంటే అందులో మాంసం, గుడ్డు, పాలు, తేనె ఏవీ లేవని అర్థం. పాలు, పెరుగు తినే మనకి ఆకు గుర్తు లేనివి కూడా కొన్ని పనికొస్తాయి. అడగాల్సిన ప్రశ్న ‘వెజిటేరియనా?’ అని కాదు. ‘గుడ్డు ఉందా, చేప ఉందా, మాంసం ఉడికించిన నీళ్లు ఉన్నాయా’ అని విడివిడిగా అడిగితేనే సరైన జవాబు వస్తుంది.

బోమాకి పేరు తెచ్చింది జీబ్రా డోమ్. కాఫీ రుచి మూస్‌ని (నురగలాంటి మెత్తటి క్రీమ్) గుండ్రంగా పోసి, తెల్ల చాక్లెట్ పూత వేసి, పైన నల్ల చారలు గీస్తారు. బొటనవేలంత ఉంటుంది, నాలుగైదు తిన్నా తెలియదు. తెలియాల్సింది వేరే ఉంది: దాని అసలు తయారీలో అమరులా అనే దక్షిణాఫ్రికా క్రీమ్ లిక్కర్ పడుతుంది, మూస్ నిలవడానికి జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ వాడే పద్ధతీ ఉంది. పిల్లలకి పెట్టే ముందు, శాకాహారులు నోట్లో వేసుకునే ముందు ఒక్క మాట అడగండి.

ఇక సనా. స్వాహిలీలో కళ అని అర్థం. ఇది బఫే కాదు, మెనూ చూసి చెప్పేది. ఇక్కడి వంట ఆఫ్రికా తీరంలో మన దేశపు రుచులు కలిసిన తీరు. అది కల్పించిందేమీ కాదు. 1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. తర్వాత వరసగా వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లూ చాలామందే. డర్బన్ కూరల కారం అలా పుట్టిందే. కాబట్టి అక్కడ పచ్చడి గిన్నెలు చూసి ‘ఇది మన తిండి కదా, ఆఫ్రికా ఎక్కడుంది’ అని పెదవి విరవకండి.

సనాలో తప్పనిసరిగా చెప్పాల్సింది బ్రెడ్ సర్వీస్. ఐదు రకాల రొట్టెలు, తొమ్మిది రకాల నంజుళ్లు. నాన్, వెల్లుల్లి అల్లం నాన్, మసాలా నాన్, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా. వాటితో పాటు పొడుగాటి పళ్లెంలో చిన్న చిన్న గిన్నెలు: కీరా రైతా, ఎర్ర క్యాప్సికం హమ్మస్, మామిడి చట్నీ, టమాటా ఖర్జూరం జామ్, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి పచ్చడి, ఎర్ర మిర్చి సాంబాల్, జలపెన్యో నిమ్మ పచ్చడి. అమెరికన్లు రైతా నుంచి మొదలుపెట్టి చివరి రెండు గిన్నెల దగ్గర ఆగిపోతారు. మనం అటు నుంచి మొదలుపెడతాం. జలపెన్యో నిమ్మ పచ్చడి ఆవకాయ కాదు, కాని పది రోజుల బర్గర్ల తర్వాత దాని పులుపు నాలుక మీద పడగానే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ జరిగే ఇబ్బంది ఒకటే: రొట్టెలు ముందు అయిపోతాయి, పచ్చళ్లు మిగిలిపోతాయి. ఆ గిన్నెలు తీసేయనివ్వకండి. తర్వాత వచ్చే బాస్మతి అన్నంలోకి అవే పనికొస్తాయి. ఒక బ్రెడ్ సర్వీస్ ఇద్దరు ముగ్గురికి మొదలుపెట్టడానికి సరిపోతుంది, నలుగురికి భోజనం కాదు. భోజనానికి అన్నంతో పాటు రెండు కూరలు ఎంచుకునే పళ్లెం ఉంటుంది. బటర్ చికెన్ తినేవాళ్లకి అది, తిననివాళ్లకి పనీర్, పప్పు తరహావి. కారం మనకి తక్కువే, ముందే చెప్పి పెంచమనండి. వంటల్లో కలిసిపోయిన వాటిని పెంచలేరు, పక్కన సాంబాల్ ఇంకాస్త ఇవ్వగలరు.

అసలు కిటికీ సంగతి. సనా గోడకి పెద్ద అద్దాలు, వాటి అవతలే సవానా, అంటే జంతువులు తిరిగే గడ్డి మైదానం. జిరాఫీలు, జీబ్రాలు, కొమ్ముల జింకలు గడ్డి మేస్తూ దగ్గరికి వస్తాయి. అయితే చీకటి పడ్డాక అద్దంలో మీ ముఖమే కనిపిస్తుంది. డిసెంబరులో అక్కడ సూర్యుడు ఐదున్నరకే అస్తమిస్తాడు, జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురే. రాత్రి భోజనం సాయంత్రం ఐదు ప్రాంతంలో మొదలవుతుంది. కాబట్టి థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులకి వెళ్లేవాళ్లు సనాని మధ్యాహ్నమే బుక్ చేయాలి. వేసవి సెలవులకైతే ఏడు గంటల భోజనం అద్భుతం, ఎండ తగ్గి జంతువులూ బయటికొస్తాయి. అద్దం పక్క టేబుల్ ముందుగా ఎవరూ రాసివ్వరు. వెళ్లగానే అడిగి, కాస్త ఆగుతామని చెప్పండి. దొరక్కపోయినా నష్టం లేదు, తినడం అయ్యాక బయట వరండాలోంచి ఎంతసేపైనా చూడొచ్చు, దానికి పైసా కట్టక్కర్లేదు. బోమాకి వెళ్లేవాళ్లు కూడా గంట ముందే వచ్చి జాంబో హౌస్ వెనక జంతువుల్ని చూసి లోపలికి వెళ్లండి, కిటికీ లేని లోటు తీరుతుంది.

డబ్బు లెక్క. బఫేల్లో పదేళ్లు నిండితే పెద్దల ధర, మూడు నుంచి తొమ్మిదేళ్లకి పిల్లల ధర, మూడేళ్ల లోపు ఉచితం. అమ్మానాన్నలు, అమ్మమ్మ తాతయ్య, ఆరేళ్ల పిల్ల, రెండేళ్ల పిల్లాడు వెళ్లారనుకోండి. పెద్దలకి 60, పిల్లకి 35 డాలర్ల చొప్పున లెక్కేస్తే 275. దాని మీద ఆరున్నర శాతం పన్ను సుమారు 18, టిప్పు 18 శాతం సుమారు 50. మొత్తం 340 దాటింది. ఆరుగురు, అంతకు మించి ఉన్న టేబుల్‌కి ఆ టిప్పు బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకుండా మళ్లీ రాయకండి. అమ్మమ్మ గారు రెండు ముద్దలు సంకటి, ఒక గిన్నె పండ్లు తిని లేచినా 60 డాలర్లే. ఈ లెక్కతో తక్కువ తినే పెద్దవాళ్లున్న ఇంటికి సనాయే చవక, ఒక పళ్లెం ఇద్దరు పంచుకోవచ్చు. తెగ తినే టీనేజీ కుర్రాళ్లుంటే బోమా. బఫేల్లో కూల్ డ్రింకులు, కాఫీ ధరలోనే కలిసొస్తాయి, సనాలో విడిగా.

రిజర్వేషన్లు 60 రోజుల ముందు పొద్దున్నే తెరుచుకుంటాయి. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి దిగే రోజుకి 60 రోజుల ముందు నుంచి వరసగా పది రోజులకి బుక్ చేసుకునే వీలుంది, అందుకే మంచి వేళలు వాళ్లకే ముందు పోతాయి. దొరకలేదని వదిలేయకండి. రద్దు చేయడానికి భోజనానికి 2 గంటల ముందు దాకా గడువు, ఆ తర్వాత రాకపోతే మనిషికి 10 డాలర్లు పడుతుంది. దాంతో ముందు రోజు సాయంత్రం, ఆ రోజు పొద్దున చాలామంది వదులుకుంటారు. ఆరుగురికి దొరక్కపోతే నలుగురికి, ఇద్దరికి విడిగా వెతికి, పక్కపక్కన వేయమని అడిగి చూడండి.

అదే లాడ్జ్‌లో జికో అని నాలుగోది ఉంది. దక్షిణాఫ్రికా వైన్లు, ఖరీదైన మాంసాలు, కాస్త నీటైన బట్టలు అక్కడి సంగతి. పెళ్లిరోజుకి జంటగా వెళ్లేవాళ్లకి సరే, కుటుంబంతో వద్దు.

ఒకే ట్రిప్‌లో బోమా, టస్కర్ హౌస్ రెండూ పెట్టుకోకండి, సగం రుచులు మళ్లీ అవే తగులుతాయి. ఒక పూట టస్కర్, ఒక పూట సనా అయితే జోడీ కుదురుతుంది.

కారు లేకపోతే ప్రయాణం ముందే లెక్కేసుకోండి. ఒక డిస్నీ హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. ఏదో ఒక పార్కుకి వెళ్లి అక్కడ మారాలి, గంటన్నర చేతిలో పెట్టుకోవాలి. యానిమల్ కింగ్‌డమ్ మిగతా పార్కుల కంటే పెందలాడే మూస్తారు గనక రాత్రి భోజనం తర్వాత ఆ దారి పనికిరాదు, ఊబరే గతి. కారున్నవాళ్లు గేటు దగ్గర రిజర్వేషన్ చూపిస్తే పార్కింగ్ ఉచితం. ఫోన్ చార్జి ఉందో లేదో గేటు ముందు కాదు, పార్కులోంచి బయల్దేరేటప్పుడే చూసుకోండి.