కాలువ బోటు హారన్: గాలి గొట్టాల నుంచి డిస్క్ హారన్‌కు మారాక

ఇంగ్లండు కాలువలపై నేరోబోటు (ఇరుకు కాలువలకు సరిపోయేలా కట్టిన పొడవాటి, సన్నని బోటు) నడిపేవారు హారన్ కొనేటప్పుడు అది ఎంత గట్టిగా మోగుతుందని అడుగుతారు. బటన్ నొక్కగానే మోగుతుందా, వదలగానే ఆగుతుందా అన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. నా బోటుకు మొదట కంప్రెసర్‌తో పనిచేసే జంట గొట్టాల గాలి హారన్ ఉండేది. గొంతు గంభీరమే కానీ, కంప్రెసర్ వేగం అందుకునేదాకా శబ్దం వచ్చేది కాదు. బటన్ వదిలాక కూడా కాసేపు మూలిగేది. కుడికి తిరిగితే ఒక పొట్టి కూత, ఎడమకు రెండు, ఇంజనును వెనక్కి నడిపితే మూడు వెయ్యాలని, పొట్టి కూత అంటే సుమారు ఒక సెకను అని 1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాలు చెబుతున్నాయి. ఆ హారన్‌తో మూడు కూతలు వేస్తే ఎదుటివారికి ఒకటే సాగదీత వినిపించేది. వంతెన దగ్గరి గుడ్డి మలుపులో అంతకంటే కేక వేయడమే నయం.

దాని బదులు విద్యుదయస్కాంతంతో పనిచేసే మామూలు డిస్క్ హారన్, అంటే కార్లలో ఉండే గుండ్రని బిళ్లలాంటిది, బిగించాను. ఇది నొక్కిన క్షణంలో పలుకుతుంది, వదిలిన క్షణంలో ఆగుతుంది. ఆ ఒక్క గుణానికే నేను దీనికి కట్టుబడిపోయాను. రెండు టెర్మినళ్లు ఉన్న రకాన్నే ఎంచుకున్నాను. ఒకే టెర్మినల్ ఉన్న కారు హారన్లలో కరెంటు బండి లోహం గుండా తిరిగి వెళుతుంది. నీటిలో నిలిచే ఉక్కు బోటులో ఆ ఏర్పాటు అడుగు రేకును తినేయవచ్చు.

ఒక చలికాలం దాటాక దీని గొంతు బొంగురుపోయింది. చూసిన మెకానిక్ లోపల కాయిల్ కాలిపోయిందని తేల్చి, కొత్తది కొనమన్నాడు. ఊడదీసి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే మాత్రం అది చాలావరకు పూర్వంలాగే మోగింది. అంటే తప్పు ఎక్కువగా వైరులోనే ఉందన్నమాట. నడిపేవాడు వెనుక కొసన, హారన్ ముందు కొసన ఉండే ఈ బోట్లలో వైరు రానూపోనూ 30 మీటర్లు దాటుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో, 5 ఆంపియర్ల కరెంటుకు, ఆ దూరంలోనే రెండు వోల్టుల దాకా పోతాయి. బటన్ నొక్కకుండా కొలిస్తే కరెంటు పారదు కనుక మీటరు పూర్తి వోల్టేజి చూపి మోసం చేస్తుంది. నొక్కి పట్టి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, హారన్ దగ్గర 9 కంటే తక్కువ వచ్చింది. ముందు దీపం వెనుక ఉన్న అతుకు విప్పగా రాగి అంతా పచ్చని చిలుము పట్టి ఉంది. అతుకు కోసేసి, లావు వైరు లాగి, టెర్మినళ్లు కొత్తవి క్రింప్ చేసి, హారన్ కరెంటు బటన్ గుండా పోకుండా మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టాను. ఇప్పుడు నొక్కినప్పుడు కూడా హారన్ దగ్గర 11 వోల్టులు దాటుతుంది.

అయినా గొంతులో కొంత గరగర మిగిలింది. అయస్కాంతం డయాఫ్రమ్ అనే పలుచని రేకును లాగినప్పుడల్లా లోపల కరెంటును కలిపే కాంటాక్టులు విడిపోయి, అది వెనక్కి రాగానే మళ్లీ కలుస్తాయి. సెకనుకు కొన్ని వందల సార్లు జరిగే ఈ ఆట కాంటాక్టులు అరిగేకొద్దీ లయ తప్పుతుంది. వెనుకనున్న చిన్న స్క్రూను పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పుతూ, కాయిల్ వేడెక్కకుండా పొట్టిగా నొక్కి వింటూ పోతే, ఒకచోట స్వరం ఉన్నట్టుండి తేటపడింది. ఆ సంతోషం కొత్త హారన్ కొన్నా దొరికేది కాదు.

ఈ వైద్యం అన్ని డిస్క్ హారన్లకూ కుదరదు. కొన్నింటికి స్క్రూ ఉండదు, ఉన్నా తయారీదారు సీలు వేసి ఉంటాడు. రోడ్డు పక్కనుంచి కాలువ సాగే చోట్ల దీని కూతను కారు కూత అనుకుని ఎవరూ తలతిప్పకపోవడమూ ఉంది. నాది 57 అడుగుల (సుమారు 17 మీటర్ల) బోటు, వేగం గంటకు 4 మైళ్లు మించకూడని కాలువలు దాటి వెళ్లను కనుక ఇది సరిపోతోంది. ఓడలు తిరిగే నదీముఖాలకు వెళ్లేవారి సంగతి వేరు: పైన చెప్పిన అంతర్జాతీయ నియమాలు వర్తించే నీళ్లలో 12 మీటర్లు, అంతకు మించిన పొడవున్న నౌకకు నిర్ణీత ప్రమాణాల కూత పరికరం ఉండాలి, 20 మీటర్లలోపు నౌకకైనా అది అర నాటికల్ మైలు వినిపించాలి. ట్యాంకులో గాలి నిలవ ఉంచి, వాల్వుతో వదిలే హారన్‌కు ఆలస్యం జబ్బు లేదు. దానికి చోటున్నవారు గాలి హారన్లపై నా ఫిర్యాదును పట్టించుకోనక్కర్లేదు.