హైడ్రెంట్ ఒత్తిడి పరీక్ష సేవ: మధురవాడ అపార్ట్‌మెంటు నుంచి ఒక సమీక్ష

మా నివాసుల సంఘం విశాఖపట్నంలోని ఒక అగ్నిమాపక పరికరాల నిర్వహణ సంస్థ చేత హైడ్రెంట్ వ్యవస్థను, అంటే మంటలార్పే నీటిని పంపు నుంచి అంతస్తులకు చేర్చే గొట్టాల, వాల్వుల ఏర్పాటును, పరీక్ష చేయించింది. పంపు నుంచి నాజిల్ (హోసు చివర నీరు చిమ్మే మూతి) వరకు ఎక్కడెక్కడ ఎంత ఒత్తిడి తగ్గుతుందో లెక్కకట్టి రాతపూర్వకంగా ఇవ్వాలన్నది మా షరతు. పరీక్ష చేసిన తీరు మెచ్చుకోదగినది. ఆ తరువాత ఇచ్చిన లెక్కను మాత్రం చూసి నమ్మడం కంటే విప్పి చూడడం మేలు.

సిబ్బంది చివరి అంతస్తులోని ల్యాండింగ్ వాల్వుకు (అంతస్తులో హోసు తగిలించే కుళాయికి) 63 మిల్లీమీటర్ల హోసులు రెండు, ఒక్కొక్కటి 15 మీటర్లది, జతచేసి, మడతలు లేకుండా పరిచి, నీరు పారుతుండగా నాజిల్ దగ్గర గేజ్ చదివారు. వాల్వు మూసి ఉంచి గేజ్ చూసుకుని సంతకం పెట్టే పరీక్షకు అర్థం లేదు, ఎందుకంటే నిలిచి ఉన్న నీటికి ఘర్షణ నష్టం ఉండదు, మంటలార్పేది పారే నీరే. పంపు దగ్గర 8 బార్లు (బారు ఒత్తిడికి కొలమానం) ఉండగా నాజిల్ దగ్గర 3.8 బార్లు నమోదయ్యాయి. హోసులను కలిపే కప్లింగులకు పట్టిన ఉప్పుగాలి తుప్పును కూడా అడగకుండానే శుభ్రం చేశారు.

నివేదికలోని లెక్క కూడా సరిగ్గా 3.8 బార్లే చూపింది. అంత చక్కగా కుదిరినందువల్లే నాకు అనుమానం కలిగింది.

హోసులో నష్టానికి వారు వాడిన సూత్రం అగ్నిమాపక శిక్షణలో చాలాకాలంగా ఉన్నదే: హోసు గుణకాన్ని ప్రవాహ వర్గంతోనూ (ప్రవాహాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది) పొడవుతోనూ గుణిస్తే నష్టం వస్తుంది. ప్రవాహాన్ని నిమిషానికి వందల గ్యాలన్లలో, పొడవును వందల అడుగులలో తీసుకోవాలి. రెండున్నర అంగుళాల (63 మిల్లీమీటర్ల) హోసుకు గుణకం 2, ఫలితం పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) వస్తుంది. ఇక్కడ గ్యాలన్ అంటే 3.785 లీటర్ల అమెరికా గ్యాలన్, 4.546 లీటర్ల బ్రిటిష్ గ్యాలన్ అనుకుని వేస్తే నష్టం దాదాపు 30 శాతం తక్కువగా కనబడుతుంది. ఆ జాగ్రత్త వారు తీసుకున్నారు. అయితే ఒకే హోసులో నిమిషానికి 900 లీటర్లు పారుతాయని అనుకోవడంతో 30 మీటర్లకు 0.77 బారు నష్టం తేలింది. మా నాజిల్ 20 మిల్లీమీటర్లది. దాని గుండా 900 లీటర్లు పోవాలంటే నాజిల్ దగ్గరే 11 బార్లకు పైగా ఒత్తిడి ఉండాలి, పంపు దగ్గరే లేని ఒత్తిడి అది. 3.8 బార్ల వద్ద వచ్చేది సుమారు 520 లీటర్లు, దానికి హోసులో పోయేది పావు బారు మాత్రమే.

హోసు మీద ఎక్కువగా వేసిన ఆ మిగిలిన అర బారు ఎత్తులో దొరికింది. మధురవాడ, ఎండాడ ప్రాంతాలలో కొండవాలు మీద కట్టిన భవనాలకు ప్రధాన ద్వారం ఒక మట్టంలోనూ పంపుగది అంతకు చాలా దిగువనా ఉండడం మామూలే. నివేదికలో ఎత్తును గేటు నుంచి 30 మీటర్లుగా కొలిచారు. పంపుగది మరో 6 మీటర్ల కింద ఉంది. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు 0.98 బారు చొప్పున పోతుంది కనుక లెక్కలోకి రాకుండా పోయింది 0.59 బారు. ఒక తప్పు మరొక తప్పును కప్పివేసింది.

మొత్తం సరిపోయింది కదా అని ఊరుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే హోసులలో నష్టం ఎక్కువగా ఉంది కాబట్టి అన్నీ మార్చాలని అదే నివేదిక సిఫారసు చేసింది. ఎత్తు వల్ల పోయిన ఒత్తిడిని ఏ కొత్త హోసూ తిరిగి ఇవ్వదు. చివరి హైడ్రెంట్ దగ్గర 3.5 బార్లు ఉండాలన్న జాతీయ భవన నియమావళి 2016 పరిమితికి మేము ఎంతో దూరంలో లేము కనుక, డబ్బు పెట్టవలసి వస్తే పంపు మీద పెట్టడమే సబబు.

రుసుము న్యాయంగానే ఉంది, చెప్పిన సమయానికి వచ్చారు. మళ్లీ వారినే పిలుస్తాము, అయితే నాజిల్ వ్యాసాన్ని, పంపు మట్టం నుంచి కొలిచిన ఎత్తును నివేదికలో చూపాలని పని ఉత్తర్వులోనే రాస్తాము. పొరపాట్లు చూపించాక వాదించకుండా సవరించిన ప్రతిని పంపారు. అందులో హోసుల సిఫారసు లేదు గానీ, రైజర్ (అంతస్తులకు నిలువుగా వెళ్లే గొట్టం) నష్టం ఎదురుగా ఇప్పటికీ ‘అంచనా’ అనే ఉంది.