ఒక కరెంటు బిల్లు, ఇద్దరు తోడికోడళ్లు, ఒక యాప్

నేనూ మా తోడికోడలూ ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఒకే ఇంట్లో ఉంటూ డబ్బు తీసుకుని ఇతరుల పిల్లల్ని ఇంట్లోనే చూసుకుంటాం, ఇక్కడ మాలాంటివాళ్లను చైల్డ్‌మైండర్లంటారు. ఈ పనిని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌లో ఇద్దరికీ రిజిస్ట్రేషన్ విడివిడిగా ఉంది, పన్ను లెక్కలూ విడివిడే. నేను వారానికి 40 గంటలు చేస్తాను, తను 20. పార్ట్‌నర్‌షిప్ పెట్టుకోమని కొందరు చెప్పారు. దానికి మా రిటర్న్‌లు కాక ఇంకోటి వేయాలని తెలిసి మానేశాం. చైల్డ్‌మైండర్ల కోసమే తయారుచేసిన ఓ యాప్ ఏడాదిన్నరగా వాడుతున్నాం, మనిషికి నెలకు 8 పౌండ్లు. కంపెనీతో డబ్బు వాపసు గొడవ ఇంకా తేలలేదు, అందుకే పేరు రాయడం లేదు.

హాజరు, ఇన్వాయిస్‌ల వరకు వంక పెట్టడానికి లేదు. పిల్లవాణ్ణి దింపినప్పుడు తల్లి ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే చాలు. ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (తల్లిదండ్రులకు ప్రభుత్వం కొంత కలిపి ఇచ్చే పథకం) డబ్బులు బ్యాంకులో పడినప్పుడు పేరుకు బదులు ఓ కోడ్ కనిపిస్తుంది. అది ఏ పిల్లదో ఇదే వెతికిపెడుతుంది. ఇంతకుముందు ఆదివారం సాయంత్రాలు నాకు ఆ పనికే సరిపోయేవి.

చిక్కంతా ఇంటి ఖర్చుల దగ్గర వచ్చింది. చైల్డ్‌మైండర్లకు ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ ఓ పట్టిక ఇచ్చింది. వారానికి 40 గంటలు చేస్తే గ్యాస్, కరెంటు బిల్లులో 33 శాతం, అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, నీళ్ల బిల్లులో 10 శాతం ఖర్చు కింద చూపించుకోవచ్చు. 20 గంటలైతే అవే 17 శాతం, 5 శాతం. గ్యాస్, కరెంటు కలిపి మాకు ఏడాదికి 2,100 పౌండ్లు వచ్చింది. ఆ బిల్లు ఇద్దరి అకౌంట్లలోనూ ఎక్కించాం. యాప్ నాకు 693, తనకు 357 లెక్కకట్టింది.

జనవరిలో 2024-25 రిటర్న్ వేసేముందు రెండు ఫోన్లూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి కూర్చున్నాం. తను కూడి చూసి, "అక్కా, మనింటి కరెంటులో సగం ఈ పిల్లలే కాలుస్తున్నారా?" అంది. 1,050. నిజంగానే సరిగ్గా సగం! తన 20 గంటలూ నా 40 గంటల్లోనే ఉన్నాయి. ఆ టైములో ఇంట్లో నడిచేది ఒకటే బాయిలర్. ఒకే ఖర్చును రెండుసార్లు చూపించబోయామన్నమాట. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు.

కస్టమర్ కేర్‌కి రాస్తే తొమ్మిది రోజులకు జవాబొచ్చింది: ఒక అకౌంట్, ఒక ఇల్లు, ఒక మనిషి, అంతే. పోనీ అలాగే ఉండనీ. ఇదే చిరునామాతో ఇంకో అకౌంట్ ఉందని ఓ హెచ్చరికైనా ఇవ్వొచ్చు కదా? ఇద్దరి దగ్గరా చందా తీసుకోవడానికి మాత్రం చిరునామా అడ్డు రాలేదు.

చివరికి ఇంటి మొత్తానికి ఒకసారే 33 శాతం తీసి, 693ని నేను 462, తను 231గా పంచుకున్నాం. బిల్లు కట్టేదీ అదే వాటాలో. ఇంటి సామాన్ల అరుగుదల కింద ఆదాయంలో చూపించే 10 శాతానికి మాత్రం పేచీ రాలేదు. అది ఎవరి ఆదాయం మీద వాళ్లకే కాబట్టి యాప్ సరిగ్గానే చేసింది.

రసీదు ఫొటో తీస్తే చదివే సౌకర్యం కూడా ఉంది, దాన్ని నమ్మకండి. పాలు, అరటిపండ్లతో పాటు మా ఇడ్లీ రవ్వనీ పిల్లల తిండి ఖర్చులో కలిపేసింది. ఇప్పుడు పిల్లల సరుకులకు విడిగా బిల్లు వేయించుకుంటున్నాం.

ఇంకో సంగతి. ఏటా 30,000 పౌండ్ల పైన వచ్చేవాళ్లు 2027 ఏప్రిల్ నుంచి మూడు నెలలకోసారి డిజిటల్‌గా లెక్కలు పంపాలి. ఖర్చులు తీసేయక ముందు మొత్తం అది, ఎవరిది వాళ్లకే చూస్తారు. నా 31,000 అందులో పడుతుంది. తను 16,000 దగ్గరే ఉంది కాబట్టి ఇప్పటికి ఆ బాధ లేదు. యాప్‌లో ఆ సౌకర్యం ఎప్పుడని అడిగితే "త్వరలో" అంటున్నారు.

ఒంటరిగా చేసుకునేవాళ్లయితే కొనండి, అయిదుకు నాలుగిస్తాను. ఒకే కప్పు కింద ఇద్దరుంటే రెండున్నర. వచ్చే నెల రెన్యువల్‌కి మా ఇద్దరివీ హాజరుకే ఉంచుతున్నాం. ఇంటి బిల్లుల పద్దు మాత్రం ఫ్రిజ్ పైన పెట్టిన పొడుగు నోటుబుక్కులోకి వెళ్లిపోయింది, ఎడమ పేజీ నాది, కుడి పేజీ తనది.