జిరాక్స్ షాపులో ఎనిమిదేళ్లు నిలబడ్డ చిన్న సాఫ్ట్‌వేర్లు

ధనుర్మాసం మొదట్లో షాపుకి కొత్త కంప్యూటర్ కొన్నాను. సరదాపడి కొన్నది కాదు. పాత ఐ3 మిషన్ బాగానే నడుస్తోంది. కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే కనీసం ఎనిమిదో తరంది కావాలంటుంది. నాది నాలుగో తరం. ఊళ్లో వాళ్ల ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, దస్తావేజులు స్కాన్ చేసే మిషన్‌ని సపోర్ట్ లేకుండా అలా వదిలేయడానికి మనసొప్పలేదు.

మాది అంబాజీపేటలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్ట్ ఫోటోలు, లామినేషన్ అన్నీ చేస్తాం. ఎనిమిదేళ్లలో పని తేలిక చేస్తామనే సాఫ్ట్‌వేర్లు ఓ ముప్పై దాకా వేసి తీసుంటాను. కొత్త మిషన్ వచ్చిన రోజున ఏది ముందు గుర్తొచ్చిందో, దేని ఊసే రాలేదో చూస్తే అసలు లెక్క తేలిపోయింది. ఆ వరసలోనే చెబుతాను.

మొదటిది ఎవ్రీథింగ్. మిషన్‌లో ఫైళ్లు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్. వాయిడ్‌టూల్స్ వాళ్లది, ఉచితం. వైర్లు తగిలించి పాత హార్డ్ డిస్క్‌ని డి డ్రైవ్‌గా పెట్టేసరికే ప్రభల కమిటీ కుర్రాళ్లు ఇద్దరు వచ్చారు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వాళ్ల ఊరి ప్రభ (వెదురుతో కట్టి ఊరేగించేది) వెళ్తుంది. "ఆయ్, పోయినేడు వేసిన కరపత్రమేనండి, తారీకొక్కటి మారిస్తే చాలండి" అన్నారు. ఆ ఫైలుకి నేనేం పేరు పెట్టానో నాకు గుర్తుంటేగా! విండోస్‌లో ఉండే వెతుకులాట మామూలు సెట్టింగుల్లో మన యూజర్ ఫోల్డర్లనే ముందుగా ఇండెక్స్ చేసుకుంటుంది, అంటే జాబితా రాసుకుంటుంది. నా సరుకంతా డి డ్రైవ్‌లో. ఎవ్రీథింగ్ దించుకోవడానికి నిమిషం పట్టలేదు, ఫైలు రెండు ఎంబీ కూడా ఉండదు. ఎక్కించి 'ప్రభ' అని కొట్టగానే వరస వచ్చేసింది. తేదీ మీద నొక్కితే పోయిన జనవరి ఫైలు కనబడింది. పేరు 'ప్రభ లాస్ట్ ఓకే ఫైనల్'. కుర్రాళ్లు చూసి నవ్వారు.

అంత వేగం ఎలాగని చాలామంది అడుగుతారు. మా ఆయనది కొబ్బరి వ్యాపారం, అందులోంచే చెబుతాను. కొట్లో ఎన్ని కాయలున్నాయో గుమాస్తా రాశి చుట్టూ తిరిగి లెక్కపెట్టడు, చిట్టా తీసి చూస్తాడు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫైళ్ల అమరిక) డ్రైవ్‌లో కూడా ప్రతి ఫైలు పేరూ ఉండే చిట్టా ఒకటుంటుంది, దాన్ని మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. ఎవ్రీథింగ్ ఫోల్డర్లలోకి దూరకుండా ఆ చిట్టాని చదివేస్తుంది. తర్వాత వచ్చే మార్పులు కూడా అలాగే పట్టుకుంటుంది. అందుకే మీరు అక్షరం కొట్టేలోపే జవాబు వస్తుంది.

దీనికి రెండు హద్దులున్నాయి. మామూలుగా అది ఫైలు పేరే చూస్తుంది, లోపల ఏం రాసుందో చూడదు. లోపలి మాట వెతికే దారి ఉంది గానీ అది నెమ్మది. కాబట్టి పేరు సరిగ్గా పెట్టడం మన పనే. 'న్యూ 1', 'ఫైనల్ 2' అని పెట్టే అలవాటు మాని ఊరు, ఇంటిపేరు, పని, నెల అనే వరసలో పెట్టడం మొదలెట్టాకే ఇది నాకు పూర్తిగా అక్కరకొచ్చింది. తెలుగులో పేరు పెట్టినా వెతుకుతుంది. ఇంగ్లిషులో పెడితే ఒక చిక్కు. సుబ్రహ్మణ్యం అనే పేరుని మా షాపులోనే నాలుగు స్పెల్లింగులతో రాశాం. మొదటి నాలుగక్షరాలు కొట్టి ఊరుకోవడం మేలు. రెండో హద్దు పెన్‌డ్రైవులు. జనం తెచ్చే పెన్‌డ్రైవులు ఎక్కువగా ఎఫ్ఏటీ32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే అమరికల్లో ఉంటాయి, వాటిలో ఆ చిట్టా ఉండదు. ఫోల్డర్‌గా విడిగా చేర్చుకోవాలి.

ఇంకోటి, షాపులో పెట్టుకునేవాళ్లు తప్పక చూసుకోవాలి. నాకు సాయానికి ఉండే కుర్రాడు ఒకసారి ఏదో వెతుకుతూ "అక్కా, ఇవి మీ ఇంటి అప్పు కాయితాలా?" అన్నాడు. డ్రైవ్‌లో ఉన్న ప్రతి పేరూ అందులో కనిపిస్తుంది మరి. సెట్టింగుల్లో ఫలానా ఫోల్డర్ చూపించొద్దని చెప్పొచ్చు. ఆ రాత్రే చెప్పాను.

రెండోది డిట్టో. కాపీ చేసినవన్నీ దాచిపెట్టి మళ్లీ ఇచ్చే క్లిప్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్. విండోస్‌లో కూడా విండోస్ మీటతో 'వి' నొక్కితే వచ్చే చరిత్ర 2018 నుంచి ఉంది. కానీ అది పాతికే దాస్తుంది, మిషన్ ఆపి వేస్తే పిన్ చేసినవి తప్ప మిగతావి పోతాయి. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందేగా. డిట్టోలో పాతవి ఉంటాయి, వెతుక్కోవచ్చు. పెళ్లిళ్ల సీజన్లో ఒకే కల్యాణ మండపం అడ్రసు, ఒకే ఆహ్వాన వాక్యం రోజుకి పదిసార్లు కావాలి. అప్పుడు దీనంత సుఖం లేదు.

దీనితోనే నేను పెద్ద తప్పు చేయబోయాను కూడా. ఓ రోజు ఇద్దరి దరఖాస్తులు వెంటవెంటనే చేస్తున్నాను. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. డిట్టో జాబితాలో రెండు బ్యాంకు ఖాతా నంబర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒకరిది ఇంకొకరి ఫారంలో అతికించేశాను. పంపే ముందు నంబరు పైకి చదవడం అలవాటు కాబట్టి సరిపోయింది. ఆయన వింటూనే "అమ్మాయ్, చివర అంకెలు నావి కావు" అన్నాడు. నాకు చెమటలు పట్టేశాయి. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, అడిగింది ఇచ్చింది. అప్పటి నుంచి నంబర్లు ఏవైనా చేత్తోనే కొడతాను. డిట్టోలో ఎన్ని రోజులు దాచాలో చెప్పే సెట్టింగ్ ఉంది, దాన్ని ఒక రోజుకి తగ్గించాను. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఈ టెన్షన్ అక్కర్లేదు. పది మంది వివరాలు నడిచే షాపుల్లో వాడేవాళ్లకే ఈ హెచ్చరిక.

మూడోది ఆటోహాట్‌కీ. పొట్టి మాట కొడితే దాని బదులు పూర్తి వాక్యం తనే కొట్టిపెట్టే సాఫ్ట్‌వేర్. ఇది అందరికీ చెప్పను, స్క్రిప్టు అనే ఆదేశాల ఫైలు కొంచెం మనమే రాసుకోవాలి. కానీ కోనసీమలో దరఖాస్తులు నింపే మాలాంటివాళ్లకి 2022లో దీని విలువ తెలిసింది. ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 26 అయ్యాయి. అంతవరకూ 'తూర్పు గోదావరి జిల్లా' అని రాసిన చేయి 'కోనసీమ జిల్లా' అని రాయడం నేర్చుకుంటుండగానే అదే ఏడు 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా' అయింది. నా స్క్రిప్టులో మూడక్షరాల పొట్టి మాట ఒకటి ఉంటుంది. అది కొట్టి స్పేస్ నొక్కితే ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ అన్నీ వచ్చేస్తాయి. జిల్లా పేరు మారిన రెండుసార్లూ నేను మార్చింది ఒక్క లైను.

తెలుగు వచ్చేలా చేయడానికి మాత్రం రెండు రోజులు తల పట్టుకున్నాను. పాత ఒకటో వెర్షన్‌లో స్క్రిప్టు ఫైలుని యూటీఎఫ్-8గా (తెలుగు అక్షరాలు కూడా పట్టే యూనికోడ్ పద్ధతి), అందులోనూ బీఓఎం అనే గుర్తుతో సేవ్ చేయాలి. లేకపోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గీతలు పడతాయి. 2022 చివర్లో వచ్చిన రెండో వెర్షన్‌లో ఈ గొడవ లేదు. కానీ రాసే పద్ధతి మారింది, పాత స్క్రిప్టు దానిలో అలాగే నడవదు. కొత్తగా మొదలెట్టేవాళ్లు నేరుగా రెండో వెర్షన్‌కే వెళ్లండి.

డీటీపీవాళ్లకి ఇంకో ముక్క. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ యూనికోడ్‌కి ముందు కాలపుది. అందులో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో పని చేస్తూ ఈ పొట్టి మాట కొడితే ప్రశ్న గుర్తుల వరస వస్తుంది. నా స్క్రిప్టు బ్రౌజర్లోనూ వర్డ్‌లోనూ మాత్రమే పనిచేసేలా రాసుకున్నాను. ఆ రెండు లైన్లు రాయకముందు ఒక శుభలేఖలో వరుడి తండ్రి గారి ఊరి స్థానంలో ప్రశ్న గుర్తులు పడ్డాయి. ప్రూఫ్‌లో దొరికింది, అదృష్టం.

ఫోటోల సంగతి. దరఖాస్తు సైట్లు 'ఫోటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు' అని అడుగుతుంటాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత పనిముట్ల మూట పవర్‌టాయ్స్‌లో ఇమేజ్ రీసైజర్ ఉంది, కుడి క్లిక్‌తో ఒకేసారి వంద ఫోటోలు తగ్గిస్తుంది. కానీ అది తగ్గించేది కొలతలు, మనకి కావాల్సింది ఫైలు బరువు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలాకాలం గింజుకున్నాను. ఫోటోలు చూసే సాఫ్ట్‌వేర్ ఇర్ఫాన్‌వ్యూలో జేపెగ్ సేవ్ చేసేటప్పుడు ఇన్ని కేబీలు ఉండాలని అడిగే గడి ఉంది, దానికి ప్లగిన్లు అనే అదనపు ముక్కలు కూడా ఎక్కించుకోవాలి. అందులో 50 అని కొడితే పని అయిపోతుంది. 1996 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్, చూడటానికి అంత పాతగానూ ఉంటుంది. ఒక్క సంగతి చాలామంది పట్టించుకోరు. అది సొంత వాడకానికే ఉచితం, వ్యాపారానికైతే డబ్బు కట్టాలి. నేనూ నాలుగేళ్లు తెలియకుండా వాడాను, తర్వాత కట్టాను. మన డిజైన్‌ని పక్క షాపువాడు డబ్బివ్వకుండా వాడితే మనం ఎంత గోల చేస్తాం!

స్కానింగ్‌కి నాప్స్2. ఉచితం, ఓపెన్ సోర్స్. దస్తావేజులు రెండు వైపులా ఉంటాయి, మా స్కానర్ ఒక వైపే లాగుతుంది. ముందు వైపులన్నీ ఒక దఫా, వెనక వైపులన్నీ ఒక దఫా తీసి ఇంటర్‌లీవ్ అని నొక్కితే పేజీలు వరసలో కూర్చుంటాయి. వెనక వైపులు తలకిందుల వరసలో తీసినా దానికి వేరే ఎంపిక ఉంది. ఇది తెలియక ముందు పేజీలు ఒక్కొక్కటీ లాగి సర్దుకునేదాన్ని.

పీడీఎఫ్‌లు కలపడానికి, బరువు తగ్గించడానికి పీడీఎఫ్24. ఇది నా షాపులోకి వచ్చిన దారి వేరు. అంతకుముందు ఆన్‌లైన్ సైట్లలో కలిపేదాన్ని. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో సెల్ నెట్ ఆపేశారు. మా షాపు నడిచేది ఫోన్ హాట్‌స్పాట్ మీదే. అప్లికేషన్లు ఎలాగూ ఆగాయి, సరే. కానీ రెండు పీడీఎఫ్‌లు కలిపి ప్రింటు తీయడానికి కూడా చేతులు కట్టేసినట్టయింది. నా మిషన్‌లో ఉన్న ఫైలు, నా ప్రింటర్, మధ్యలో నెట్ ఎందుకు? అప్పుడు తట్టింది, ఇన్నాళ్లూ జనం పొలం కాయితాలు ఎక్కడో ఉన్న సైట్లోకి ఎక్కించి మళ్లీ దించుకుంటున్నానని. నెట్ రాగానే మొదట చేసిన పని పీడీఎఫ్24 దించుకోవడం. మిషన్ మీదే నడుస్తుంది, వ్యాపారానికీ ఉచితమే. ఎక్కించేటప్పుడు కొంచెం బరువు, అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పీడీఎఫ్ చూడటానికి సుమాత్రా, తేలిక, కానీ దానిలో ఫారాలు నింపడం కుదరదు. జిప్పులు, రార్‌లు విప్పడానికి 7-జిప్. డిస్క్ ఎందుకు నిండిందో చూడటానికి విన్‌డర్‌స్టాట్, ప్రతిసారీ దొంగలు పాత ఫ్లెక్సీ ఫైళ్లే. పవర్‌టాయ్స్‌లో తెరని గళ్లుగా పంచి కిటికీలు సర్దే ఫ్యాన్సీజోన్స్‌ని అందరూ పొగుడుతారు, నా 19 అంగుళాల మానిటర్ మీద అది ఇరుకు గదిలో మూడు మంచాలు వేసినట్టుంది.

కొత్త మిషన్‌లో గుర్తు కూడా రానివి ఏంటంటే రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు, 'మీ పీసీ వేగం పెంచుతాం' అనేవి. ఒకప్పుడు ఓ డౌన్‌లోడ్ సైట్ నుంచి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి దించితే దానితో పాటు ఇంకో మూడు దిగాయి. బ్రౌజర్ తెరిస్తే ఎక్కడెక్కడి ప్రకటనలో. చివరికి విండోస్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. అప్పటి నుంచి తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే దించుతాను.

ఒక్కటి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నాకు తేల్చలేదు. 2022 జూలై వరదప్పుడు గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల నుంచి కొందరు తడిసిన కాయితాలు పట్టుకొచ్చారు. ఒకావిడ పాస్‌బుక్కు ముద్దయిపోయింది. "అమ్మా, పోయినేడు లోనుకి నువ్వే స్కాన్ తీశావు, ఉంటుందా?" అంది. ఎవ్రీథింగ్‌లో ఊరి పేరు కొట్టాను, ఉంది. ప్రింటు చేతికిస్తే కళ్లకద్దుకుంది. నిజానికి ఆ ఫైలు నా దగ్గర ఉండకూడదు, పని అయిపోగానే తీసేయాల్సింది. బద్ధకం కొద్దీ తీయలేదు, అది ఆవిడకి మంచయింది. అలాగని అందరివీ ఉంచుకోవడం మంచిదా?

ఇప్పుడు స్కాన్ అయ్యాక ప్రతివాళ్లనీ అడుగుతున్నాను, ఉంచమంటారా, తీసేయమంటారా అని. ఉంచమన్నవాళ్లవి 7-జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి కట్టేస్తాను, రాత్రి షట్టర్ దించే ముందు ఫ్రీఫైల్‌సింక్‌తో బయటి హార్డ్ డిస్క్‌లోకి ఒక కాపీ, ఆ డిస్క్ ఇంట్లో బీరువాలో. పాస్‌వర్డ్ నాకూ మా ఆయనకీ తెలుసు. తీసేయమన్నవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే.